గీత మీద దుమ్ము

మూడో అంతస్తు గది,
సెప్టెంబరు, ఆదివారం

బావా,

నువ్వు ఫోన్ చెయ్యొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. మిషన్ల పక్కన నిలబడీ నిలబడీ చెవులు పోయాయనీ, ఫోన్లో నా మాట గుయ్యిమనడం తప్ప వినబడదనీ అన్నావు. సరే, ఉత్తరమే కానీ. బళ్ళో కూడా నేనింత రాయలేదు. తప్పులుంటే అక్క చేత దిద్దించుకుని చదువు.

ముందు గది సంగతి. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. లిఫ్టు లేదు, మూడంతస్తులూ ఎక్కి రావాలి. కింద వాటాలో ఇంటావిడ ఉంటుంది. నేను మెట్లెక్కుతుంటే తలుపు సందులోంచి తొంగిచూసి వాళ్ళ భాషలో ఏదో అంటుంది. తిడుతోందనుకుని మొదటి వారమంతా తలొంచుకుని ఎక్కాను. బూట్ల దుమ్ము దులుపుకుని ఎక్కమంటోందట. తిట్టే అనుకో, కాకపోతే మర్యాదగా.

ఇక పని. అవే వంటగట్టు బండలు, అదే సింకు కోసం కంత కొయ్యడం, అదే అంచు పాలిష్. రాయి ఎక్కడైనా రాయే కదా. కానీ ఇక్కడి షెడ్డు చూస్తే ఆసుపత్రికి వచ్చామా అనుకుంటావు. బ్లేడు మీద ఎప్పుడూ నీళ్ళు పడుతూ ఉంటాయి. పైనుంచి ఏనుగు తొండాల్లాంటి గొట్టాలు దిగి గాలిని లాగేస్తుంటాయి. మాస్కు నా మొహానికి అతికిందో లేదో చూడ్డానికి ఒక మనిషి పని మానుకుని కూర్చున్నాడు. గడ్డం ఉంటే అతకదని గీయించాడు. అక్క ఎన్నేళ్ళు పోరినా గీయని గడ్డం బావా! అద్దంలో చూసుకుంటే ఎవడో పిల్లకాయ.

ఆ రోజే నా పరువు కూడా పోయింది. మూల చెక్కుతుంటే పెన్సిల్ గీత మీద పొడి చేరింది. చెయ్యి దానంతటదే మాస్కు పైకెత్తింది, నేను వంగి ‘ఉఫ్’ అని ఊదాను. అంతే, పెద్దమేస్త్రి ఎర్ర బొత్తాం నొక్కేశాడు. షెడ్డంతా ఆగిపోయింది. అందరి చూపూ నావంకే. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తడి స్పాంజి తెచ్చి ఆ గీత తుడిచి, తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని వద్దన్నట్టు తలూపాడు. ‘గీత కనబడాలంటే ఊదాలిరా, ఊదితేనే రాయి మాట వింటుంది’ అని నేర్పిన గురువు ఎవరో అతనికేం తెలుసు! ఇప్పుడు నన్ను అందరూ వాళ్ళ భాషలో ‘ఊదేవాడు’ అని పిలుస్తున్నారు.

మిగతావి అక్కకి చెప్పు. వేళ కాగానే కరెంటు తీసేస్తారు, ఇంకో అంచు పట్టేసి పోతానన్నా కుదరదు. ఒంట్లో బాగోకపోతే ఇంట్లో పడుకున్న రోజులకీ జీతం ఇస్తారు. పని బట్టలు షెడ్డులోనే విప్పి వస్తాం, వాళ్ళే ఉతికిస్తారు. యజమాని నా బల్ల దగ్గరే కూర్చుని టీ తాగుతాడు, నేను లేచి నిలబడితే ఆయన కంగారు పడతాడు.

సాయంత్రాలే తోచదు. ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు.

నీ బావమరిది


రాళ్ళ షెడ్డు,
అక్టోబరు

ఒరేయ్ యూరప్ దొరా,

గడ్డం పోయిందని విని మీ అక్క ఎంత సంబరపడిందో! నాకు మాత్రం ఆ మొహం తలుచుకుంటే భయమేస్తోంది.

నీళ్ళు పోసుకుంటూ కోస్తే అది రాయా, సొరకాయా? పొడిగా కోసిన అంచు చూడు, వేలు పెడితే తెగేలా ఉంటుంది. తడిపి కోస్తే గీత కొట్టుకుపోతుంది, నేల బురదవుతుంది, పని సగమే తెముల్తుంది. వాళ్ళకి రాయంటే భయం కాబట్టి అన్ని గొట్టాలు పెట్టుకున్నారు. మనకి ఊపిరుంది, ఊదుతాం.

దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికెళ్ళాక వాటికి పాలిష్ పట్టే పని మనకే పడుతుందని నీకు ఇప్పుడు తెలిసుంటుంది. అయినా నువ్వు చెప్పుకున్న లాభాలన్నీ వినడానికి బాగానే ఉన్నాయి. పడుకున్నా జీతమా? నువ్వు ఇక్కడ నిలబడి నిద్రపోతే నేనూ ఇచ్చాను కదరా, అప్పుడు లెక్కలోకి రాలేదా?

కొత్త అపార్టుమెంటు పని వచ్చింది. ప్రతి వంటింటికీ ఒకే రకం బండ, మెరుపు పొడి కలిపి ఫ్యాక్టరీలో పోతపోసిన రాయి. అది కోస్తుంటే తెల్లటి మేఘం లేస్తుంది, పక్కవాడు కనబడడు. నువ్వెళ్ళాక నీ మిషన్ కూడా నేనే పడుతున్నాను. ఇంకో మనిషిని పెట్టమని మీ అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. నీలా గీత మీద నిలిచే చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? నిన్ను పొగుడుతున్నాననుకోకు. నేర్పినవాణ్ణి పొగుడుకుంటున్నాను.

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఫోన్ మాత్రం చెయ్యకు, వినబడక చిరాకు.

బావ

తమ్ముడూ, ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకిచ్చాడు కాబట్టి అంటించే ముందు ఇది రాస్తున్నాను. గడ్డం లేని ఫోటో పంపు. బావకి జలుబు చేసి చాలా రోజులైంది, దగ్గు తగ్గట్లేదు. దుమ్ముకి మామూలే అంటాడు. నేను రాశానని అనకు, నా మీద పడతాడు. - అక్క


మూడో అంతస్తు గది,
డిసెంబరు

బావా,

ఇక్కడ చలి ఎలా ఉందంటే మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. పొద్దున్నే రోడ్డు మీద అందరూ పొగలు కక్కుకుంటూ నడుస్తుంటే మన షెడ్డే గుర్తొచ్చింది.

ఒక మంచి కబురు. ఇక్కడ చేత్తో అంచు తిప్పగలిగిన మనిషి కావాలి. మిషన్లు గుండ్రటి మూలలు చేస్తాయి కానీ పాత ఇళ్ళలో గోడలు వంకరగా ఉంటాయి, అక్కడ మిషన్ చేతులెత్తేస్తుంది. నేను చేసిన మూల చూసి, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావని యజమాని అడిగాడు. మా బావ దగ్గరన్నాను. ఆయన్ని పిలిపించు, కాగితాలు మేం చూస్తాం అన్నాడు. నిజంగానే అన్నాడు, కాకమ్మ కబురు కాదు. నీకూ అక్కకీ చిన్న ఇల్లు దొరుకుతుంది. అక్క ఎన్నాళ్ళగానో కుట్టు నేర్పాలనుకుంటోంది కదా, ఆడవాళ్ళకి అలాంటివి నేర్పే చోటు మా వీధి చివరే ఉంది, డబ్బు అడగరు. కళ్ళకి, పళ్ళకి, గుండెకి, ఛాతీకి దేనికైనా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు, ఎవరూ మొహం చూసి వైద్యం చెయ్యరు.

కాగితాలకి ఛాతీ ఎక్సరే కావాలి. అది ముందు తీయించుకో బావా. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. రాయి పనివాళ్ళందరికీ ఇక్కడ పని వేళల్లోనే తీస్తారు. నాకూ తీశారు. అంతా బాగానే ఉంది. ఆ గదిలో డాక్టరు బొమ్మని వెలుగుపలక మీద పెట్టి చాలాసేపు చూశాడు. గోడకి ఒక గడియారం, కిటికీలో ఒక పూలకుండీ. కుండీలో మట్టి ఎండిపోయి ఉంది, ఎవరూ నీళ్ళు పోసినట్టు లేదు.

ఆ పోతపోసిన బండ ఎంతవరకు వచ్చింది? దాన్ని పొడిగా కొయ్యకు. ఊదకు. గుడ్డ తడిపి తుడుచుకో, బ్లేడు మీదకి ఒక పైపు వేయించు. బురదైతే కానీ. నీ చొక్కాలు అక్క దులపకుండా బకెట్లో ముంచెయ్యమను, పొడిగా విదిలించొద్దను. ఎక్సరే సంగతి మర్చిపోకు. ఎలాగూ కాగితాలకి కావాలి కదా, అందుకే చెప్తున్నాను.

బావమరిది


రాళ్ళ షెడ్డు,
జనవరి

ఒరేయ్,

ఎక్సరే, ఎక్సరే! ఒక ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావో నీకే తెలియాలి. ఉద్యోగం ఇప్పిస్తున్నావా, ఆసుపత్రిలో చేర్పిస్తున్నావా?

నేను రాను. మీ అక్కకి ఆశపెట్టకు. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ పాత కుట్టుమిషన్‌కి నూనె వేస్తోంది. నేను ఒకరి కింద గడ్డం గీయించుకుని, ఎర్ర బొత్తాం చూసి భయపడుతూ పనిచేసే వయసు దాటాను. నా షెడ్డులో నేను మేస్త్రిని. ఊళ్ళో అందరూ గీత మేస్త్రి అంటారు నన్ను. అక్కడికొచ్చి నీలాగా ‘ఊదేవాడు’ అనిపించుకోనా?

ఒకటి అడుగుతాను, చెప్పు. అక్కడ నాలుగు రోజులు సుఖపడగానే ఇక్కడ నా చేతి కింద నువ్వు బతికిందంతా విషమైపోయిందా? తల్లీతండ్రీ లేని నిన్ను మీ అక్కతో పాటు నా ఇంటికి తెచ్చుకున్నాను. నా కంచం పక్కన నీ కంచం పెట్టాను. మొదటి బండ నీ చేతికిచ్చి, నీ చెయ్యి పట్టుకుని గీత గీయించాను. ఊదొద్దు, దులపొద్దు, కొయ్యొద్దు! ఏరు దాటి తెప్ప తగలేశాడంటే ఇదేరా.

అపార్టుమెంటు పని సగం అయింది. మాటిచ్చాను, మధ్యలో వదలను. నాకేమీ లేదు. చలికి కాస్త గొంతు పట్టింది, అంతే.

ఇంతకంటే రాసే ఓపిక లేదు.

బావ

తమ్ముడూ, ఆయన కోపం పట్టించుకోకు. అది నీ మీద కాదు. నిజం రాస్తున్నాను, విను. డాబా మీదకి ఎక్కేటప్పుడు బావ మధ్యలో ఆగి, వంగి చెప్పు సరిచేసుకుంటాడు. మొదట్లో తెగిందేమో అనుకున్నాను. కొత్త చెప్పులు కొన్నాను. అయినా అక్కడే ఆగి సరిచేసుకుంటున్నాడు. చెప్పుకి ఏమీ లేదురా. నేను చూస్తున్నానని తెలిస్తే నవ్వుతాడు, ఆ నవ్వులోంచి దగ్గు వస్తుంది. నాకు చాలా భయంగా ఉంది. నా మాట ఎలాగూ వినడు. నీ మాటైనా వింటాడేమో, గట్టిగా రాయి. - అక్క


మూడో అంతస్తు గది,
ఫిబ్రవరి

బావా,

నీ ఉత్తరం చదివాను. కోపం రాలేదు. నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. నీ కంచం పక్కన కంచం పెట్టినవాడివి కాబట్టే ఇప్పుడు దాచకుండా చెప్తున్నాను.

అంతా బాగానే ఉందని రాశాను కదా. అబద్ధం. నా ఎక్సరేలో మచ్చలున్నాయి. పైన, రెండు వైపులా, ఆవాలు చల్లినట్టు. డాక్టరు వేలు పెట్టి చూపించాడు. ఇది ఇక్కడ పట్టింది కాదు, ఏళ్ళ తరబడి లోపలికి పోయిన రాతి దుమ్ము అన్నాడు. ఇప్పటికి తక్కువే ఉందట, దుమ్ము తగలకుండా ఉంటే పెరగకుండా ఆగొచ్చట. ఎన్నాళ్ళు పొడిగా కోశావు, ఎవరెవరు పక్కనుండేవాళ్ళు అని అడిగాడు. నా పక్కనున్నది నువ్వు. నాకంటే ముందు నుంచీ ఉన్నావు, నేను సెలవు పెట్టిన రోజుల్లో కూడా ఉన్నావు. నాకే ఇంత పడితే నీకెంత పట్టి ఉంటుంది? ఆ గదిలో పూలకుండీ వంక చూస్తూ నేను నా గురించి ఆలోచించలేదు బావా, ఒట్టు. నీ గురించే.

ఎవరి తప్పూ లేదు. నీకు నేర్పినవాళ్ళు నీకు అలాగే నేర్పారు. నువ్వు నాకు తిండి పెట్టే పని నేర్పావు. అందులో ఇది ఉందని ఎవరు చెప్పారు మనకి? ఇక్కడికి రాకపోతే నాకూ తెలిసేది కాదు. లాభాలు లాభాలు అని రాశాను కదా, జీతమూ సెలవులూ కాదు బావా, అసలైన లాభం ఇదే. పని వేళలో నన్ను పిలిచి, చొక్కా విప్పమని, నా ఛాతీ లోపల ఏముందో చూశారు. మనల్ని అలా ఎవరైనా ఎప్పుడైనా చూశారా?

యజమాని నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మిషన్ల గదిలోంచి మార్చి, కొలతలు తీసే పనిలో పెట్టాడు. ఇళ్ళకెళ్ళి గోడలు కొలిచి వస్తాను. జీతం తగ్గించలేదు. ఆరు నెలలకోసారి పరీక్ష చేస్తారట.

అయినా నేను వచ్చేస్తాను. మానేస్తున్నానని రాసిన కాగితం బల్ల మీద పెట్టుకున్నాను, వచ్చే వారం ఇచ్చేస్తాను. ఆ అపార్టుమెంటు పని నేను పూర్తి చేస్తాను. బ్లేడుకి నీళ్ళ పైపు నేనే బిగిస్తాను. నువ్వు మిషన్ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుని నన్ను తిట్టు. అది చాలు.

కానీ నేను వచ్చేలోపు ఆసుపత్రికి వెళ్ళు. నిన్ను ఇన్నాళ్ళలో ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. కాళ్ళు పట్టుకున్నాననుకో.

నీ చిన్నోడు


ఇంటి వరండా,
మార్చి

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం ఎప్పుడూ మీ అక్కే చదివి పెడుతుంది. ఈసారి నేనే చదువుకున్నాను. మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా మార్చుకుని, ‘పద’ అన్నాను. ఎక్కడికని ఆవిడ అడగలేదు. తలుపు వెనకాల సంచీ సర్ది సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి సర్ది ఉంచుకుందో పిచ్చిది.

ఎక్సరే తీశారు. తర్వాత ఇంకో గదికి పంపారు. అక్కడ ఒక నర్సమ్మ నా చేతికి గొట్టం ఇచ్చి, ‘ఊపిరి నిండా పీల్చి గట్టిగా ఊదండి, అయిపోయేదాకా ఆపకండి’ అంది. నాకు నవ్వొచ్చింది. ‘ఊదడం నాకు నేర్పుతున్నావా తల్లీ, నా వృత్తే అది’ అన్నాను. పెదాలు బిగించి ఊదాను. ఎదురుగా తెర మీద ఒక గీత లేచింది. లేచినట్టే లేచి వంగిపోయింది. ‘మళ్ళీ ఊదండి’ అంది. మళ్ళీ ఊదాను. మళ్ళీ అంతే. మూడోసారి ఆగకుండా దగ్గొచ్చాక మీ అక్క నా వీపు మీద చెయ్యి వేసింది. నర్సమ్మ తెర పక్కకి తిప్పేసింది కానీ నేను చూశాను. గీత మేస్త్రినిరా నేను. పుట్టి బుద్ధెరిగాక అంత వంకర గీత నా వల్ల ఎప్పుడూ పడలేదు.

రెండు వైపులా బాగా పట్టేసింది. లోపలికి పోయింది ఇక రాదట. కొత్తది పోకుండా చూసుకోవాలట. దగ్గుకి మందులిచ్చారు, ఆయాసానికి పీల్చుకునేది ఒకటిచ్చారు. మీ అక్కకి కూడా తీయించాను. ఆవిడకేమీ లేదు. ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు మాత్రం నాకు కన్నీళ్ళు ఆగలేదు. నా చొక్కాలు ఎన్ని దులిపిందిరా!

షెడ్డులో బండలు మోసే ఇద్దరు పనివాళ్ళనీ వరసగా తీసుకెళ్ళి పరీక్ష చేయించాను. దేవుడి దయ, వాళ్ళవి శుభ్రంగా ఉన్నాయి. బ్లేడుకి పైపు వేయించాను. షెడ్డంతా బురద, కుండలు చేసుకోవచ్చు. పని నెమ్మదిగా సాగుతోంది. అపార్టుమెంటువాళ్ళు అరిచారు. తడిపే కోస్తాం, ఇష్టమైతే ఆగండి, లేకపోతే బండలు తీసుకుపొండి అన్నాను. ఆగారు. నేను మిషన్ ముట్టుకోవడం లేదు. కిటికీ పక్కన కూర్చుని గీతలు గీసిస్తున్నాను, ఆ ఇద్దరూ కోస్తున్నారు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు రావద్దు.

ఆ బల్ల మీది కాగితం చింపెయ్. అడగడం కాదిది, చెప్తున్నాను. నువ్వు లాభాలని రాస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నా చేతుల్లో పెరిగినవాడికి నేను ఇవ్వలేనివన్నీ ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఇస్తున్నాడని కుళ్ళు. ఇప్పుడు లేదు. ఆ పెద్దమేస్త్రి తడి స్పాంజితో నీ గీత తుడిచాడే, ఆ చేతికి నేను దణ్ణం పెడుతున్నానని అతనికి ఎలాగైనా చెప్పు. నీ మచ్చలు ఆవాలంత ఉన్నప్పుడే పట్టుకున్నారు. ఆరు నెలలకోసారి చూస్తామంటున్నారు. ఇక్కడికొస్తే ఎవరు చూస్తారు? నువ్వు మంచివాడివి, నాలుగు రోజులు పైపుతో కోస్తావు, ఐదో రోజు నీళ్ళు రావు, తొందరపడి వంగి ఊదేస్తావు. నాకు తెలుసు. నేర్పింది నేనే కదా.

నేను అక్కడికి రాలేను. ఈ ఛాతీతో కాగితాలు రావు. ఆ లాభం నాకు రాసిపెట్టి లేదు, నీకుంది. మీ అక్క కుట్టుమిషన్ వరండాలోకి తెచ్చుకుంది. వీధిలో ముగ్గురు అప్పుడే నేర్చుకోవడానికి వస్తున్నారు. ఆవిడకి వీధి చివరిదాకా నడిచే పని కూడా లేదు. సెలవులిస్తారన్నావు కదా, సెలవుకి రా. వచ్చి కూర్చుని తిని, తిరిగి వెళ్ళు.

ఇంకొక్క మాట. చెవులు పోయాయన్నది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఫోన్లో మాట్లాడితే నా దగ్గు నీకు వినబడుతుంది. వింటే కొత్త ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తావని భయపడ్డాను. ఇప్పుడు దాచడానికేమీ మిగల్లేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి. మధ్యలో దగ్గొస్తుంది. కాసేపు పడుతుంది. పెట్టెయ్యకురా, ఆగు.

బావ